సెకండాఫ్‌లో ల్యాగ్ ఉందట!

నేను ఒక మైకుని. సభల్లో నాయకుల ముందు నిటారుగా నిలబడే రకాన్ని కాను, పాటగాళ్ళు కళ్ళు మూసుకుని పెదాలకు ఆనించుకునే రకాన్నీ కాను. సినిమా ఆట వదిలిన వేళ, హాలు గేటు దగ్గర, జనం మూతుల ముందుకు దూసుకొచ్చే చేతి మైకుని. నా మెడకు ఒక డబ్బా తొడిగారు. దానికి నాలుగు వైపులా ఎర్రటి అక్షరాలతో 'ముచ్చట్ల టీవీ' అని రాసి ఉంటుందట. ఉంటుందట అని ఎందుకంటున్నానంటే నాకు కళ్ళు లేవు. మనుషులు నాకు గొంతుగానో, ఊపిరిగానో, పట్టుకున్న చేతి చెమటగానో తెలుస్తారు. అంతకు మించి వాళ్ళలో తెలుసుకోవలసింది పెద్దగా ఉంటుందని నేను అనుకోను.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. నాకు అర్థంకాని భాషలో ఎవరో నా ముందు నాలుగు ముక్కలు మాట్లాడి, పనికొస్తానని తేల్చి, పెట్టెలో పెట్టారు. కోఠిలో ఒక దుకాణం అద్దాల బీరువాలో కొన్నాళ్ళు ఉన్నాను. మొదట కొన్నది పెళ్ళిళ్ళకు సౌండు కట్టే యాదగిరి. ఆయన దగ్గరున్నన్నాళ్ళూ, 'బంధుమిత్రులు భోజనాలకు దయచేయవలెను' అన్న మాట తప్ప వేరే సాహిత్యం ఎరగను. తర్వాత ఒక కార్పొరేటర్ అభ్యర్థి తీసుకున్నాడు. వీధి వీధీ తిప్పి, నా చెవులు చిల్లులు పడేలా హామీలిచ్చాడు. గెలిచాడు. గెలిచాక ఆయనకు జనంతో మాట్లాడే పని లేకపోయింది, కాబట్టి నేనూ అక్కర్లేకపోయాను. అలా చేతులు మారి ముచ్చట్ల టీవీ ఓనరు దగ్గరికి చేరాను. పేరుకు టీవీయే గానీ అదొక యూట్యూబ్ చానెల్. రెండు గదులు, ఒక కెమెరా, గౌస్ అనే కెమెరామెన్, నన్ను పట్టుకునే స్వరూప. అంతే పరివారం.

స్వరూప జనగామ పిల్ల. చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి, గొంతు ఖంగుమంటుంది. శుక్రవారం వచ్చిందంటే మా పని పబ్లిక్ టాక్. మీకు తెలియనిదేముంది? కొత్త సినిమా మొదటి ఆట చూసి బయటికొచ్చే జనాన్ని ఆపి 'ఎట్లుందన్నా?' అని అడగడం, వాళ్ళు నోటికొచ్చింది చెప్పడం, ఇంట్లో కూర్చున్నవాళ్ళు అది చూసి హాలుకు వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడం. నేను ఇంతవరకు ఒక్క సినిమా చూడలేదు. అయినా ఏ సినిమా గురించైనా గంటసేపు మాట్లాడగలను. ఈ విషయంలో నాకూ, నా ముందు మాట్లాడేవాళ్ళలో సగం మందికీ తేడా లేదు.

ఆ శుక్రవారం వచ్చిన సినిమా పేరు 'మిగిలింది నలుగురే'. ఏదో రోగం వచ్చి లోకమంతా జాంబీలైపోతుంది. చచ్చీ చావనివాళ్ళు, కనబడినవాణ్ణల్లా కొరుకుతారు. ఒక నలుగురు, ఒక చంటిపిల్ల మాత్రం రేషన్ గోడౌన్‌లో తలుపులేసుకుని బతుకుతుంటారు. పెద్ద హీరో లేడు, పాటల్లేవు. జనం మాత్రం బాగానే వచ్చారు.

ఇంటర్వెల్‌కే ఒకడు బయటికి ఉరికొచ్చాడు. వీడు ప్రతి శుక్రవారం వస్తాడు. ఆ రోజు ముఖానికి సున్నం, మూతికి కుంకుమ పూసుకుని వచ్చాడని గౌస్ నవ్వాడు. "బ్లాక్‌బస్టర్ బ్రో! ఇంటర్వెల్ బ్యాంగ్‌కు సీట్లు ఇరిగినయ్!" అని నా మీద తుంపర్లు పడేలా అరిచి, మిగతా సగం చూడకుండానే ఇంటికెళ్ళిపోయాడు.

ఆట వదిలాక అసలు జాతర మొదలైంది. ఒకాయనకు లాజిక్ కావాలి. "లోకం మునిగిపోయింది, మంచినీళ్ళకు దిక్కులేదు, హీరో గడ్డం మాత్రం నీటుగా కత్తిరించి ఉంది. మంగలి కూడా బతికే ఉన్నాడా అండీ?" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు జాంబీలు నడుస్తాయా పరిగెత్తుతాయా అని నా ముందే కొట్టుకున్నంత పని చేశారు, తామేదో నాలుగు జాంబీలను ఇంట్లో పెంచుకుంటున్నట్టు. ఒక ఆటోడ్రైవరు మాత్రం "హైదరాబాద్ మొత్తం ఖాళీగ చూపించిన్రు. ఒక్క బండి లేదు, సిగ్నల్ లేదు. గా సీన్ల నాకు పానం లేచొచ్చిందక్కా" అన్నాడు. ఆ మాటలో నిజాయితీ ఉంది.

ఆ గోలలోనే ఎవడో ఒకడు అన్నాడు, "అంతా ఓకే. సెకండాఫ్‌లో జర ల్యాగ్ ఉంది."

ఇది కొత్త మాటేం కాదు. తెలుగువాడు మైకు ముందు నిలబడితే తుమ్మినంత సహజంగా వచ్చే మాట. ఏమీ తోచకపోయినా అంటారు, నచ్చినా అంటారు. కానీ స్వరూప ఆ ముక్క పట్టుకుంది. తర్వాత వచ్చిన ప్రతివాణ్ణీ "సెకండాఫ్ ల్యాగ్ ఉందంటున్నరు, మీరేమంటరు?" అని అడిగింది. అడిగాక ఇంకేముంది? "ఆ, ఉందుంది!" అందరిదీ అదే మాట. సినిమా తెలిసినవాడిలా కనిపించడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

ఎక్కడుంది ల్యాగ్ అని నొక్కి అడిగితే, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "ఆ ఉయ్యాల సీనక్కా, ఆ ముసలి జాంబీది" అన్నారు. ఆ సీనేమిటో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. గోడౌన్‌లో అందరూ నిద్రపోతుంటారు. చంటిపిల్ల చీర ఉయ్యాలలో ఉంటుంది. కిటికీలోంచి ఒక ముసలి జాంబీ దిగుతుంది. మాట లేదు, సంగీతం లేదు. ఉయ్యాల దగ్గరకొచ్చి కొరుకుతుందనుకుంటే, చీర ముడి లాగి గట్టిగా ఉందో లేదో చూసి, మెల్లగా ఊపడం మొదలుపెడుతుంది. తెల్లారేదాకా ఊపుతూనే ఉంటుంది. లేచినవాళ్ళు చూసి కాల్చేస్తారు.

ఒక గొంతు నాకు బాగా గుర్తుంది. బొంగురు గొంతు, మధ్య మధ్య ముక్కు ఎగబీల్చుకుంటున్నాడు. వంతు కోసం నిలబడి పక్కవాడితో "మా అమ్మ గూడ గట్లనే ముడి గుంజి చూసేదిరా, నా తమ్మునికి" అంటున్నాడు. స్వరూప నన్ను అతని ముందు పెట్టింది. అతను గొంతు సవరించుకున్నాడు. "సినిమా బాగుందక్కా. సెకండాఫ్‌లో ఆ సెంటిమెంట్ జర ల్యాగ్ అయింది" అన్నాడు. ఏడ్చినవాడు కదా అని మీరడుగుతారు. ఏడ్చాడు కాబట్టే అలా అన్నాడు. నలుగురి ముందు కన్నీళ్ళు ఒప్పుకోవడం కంటే సినిమాను తిట్టడం మగాడికి సులువు. ఇలాంటివి విని విని నాకు కోపం రావడం ఎప్పుడో మానేసింది.

మా పక్కనే నిర్మాత తరఫు మేనేజరు నిలబడి ఇదంతా వింటున్నాడు. శుక్రవారం టాక్ విని శనివారానికి సినిమాను కత్తిరించడం మనవాళ్ళకు అలవాటే కదా. కాస్త లావుగా ఉందంటే చాలు, ఎక్కడ కొయ్యాలా అని చూస్తారు. ఆయన ఫోన్‌లో "అందరూ అదే సీను చెప్తున్నారు సార్, ఉయ్యాలది" అంటూ వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డాక ఒక ముసలావిడ మా దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా పక్కనే నిలబడి వింటోందట. స్వరూప అలవాటుగా నన్ను ముందుకు చాపితే, అరచేత్తో పక్కకు నెట్టింది. ఎండిన అరచెయ్యి, గరుకుగా ఉంది.

"నన్నొద్దమ్మా. ఒక్క మాట అడుగుదామని. ల్యాగ్ అంటే ఏంటి?"

"ఏం లేదమ్మా, జర మెల్లగ నడుస్తదన్నట్టు."

"మెల్లగానే కదమ్మా ఊపాలి, పసిబిడ్డని?" అంది ఆవిడ.

"ఆ జాంబీ నువ్వేనా అమ్మా?" అంది స్వరూప. అప్పుడు తెలిసింది, ఆ ముసలి జాంబీ ఈవిడేనని. పేరు సామ్రాజ్యం. తెనాలి మనిషి. కృష్ణానగర్‌లో ఉంటుంది, జూనియర్ ఆర్టిస్టు. "పెళ్ళి సీన్లలో అక్షింతలేశా, సంతలో కూరగాయలు కొన్నా, వరదల్లో కొట్టుకుపోయా. ఇన్నేళ్ళలో కెమెరా నా కోసం ఆగింది ఇదే మొదటిసారి. ఆ డైరెక్టరు బాబు ఉయ్యాల ఊపమన్నాడంతే. ముడి లాగి చూడ్డం నేనే చేశా. చాలా బాగుందమ్మా అని దండం పెట్టాడు."

"గట్లయితే కెమెరాకు చెప్పమ్మా, జర!" అంది స్వరూప.

"అమ్మో, వద్దు. నీ దగ్గరంటే నోరు జారా గానీ, సినిమా ఆడినన్నాళ్ళూ ఫలానా జాంబీ నేనేనని ఎక్కడా చెప్పకూడదన్నారు యూనిట్‌వాళ్ళు. మేకప్ లేని మొహం చూస్తే జనానికి భయం పోతుందట. ఒట్టేయించుకున్నారు. మా వాడకట్టు వాళ్ళకి కూడా చెప్పలా. నేనూ ఉన్నాను, కనిపెట్టండి చూద్దాం అన్నా. ఆదివారం అందర్నీ మ్యాట్నీకి తీసుకొస్తున్నా." మళ్ళీ తనే అడిగింది, "ఆదివారం దాకా ఉంటుందా అమ్మా, నా సీను?"

ఆవిడ వెళ్ళగానే స్వరూప నన్ను పట్టుకుని పార్కింగ్ దాకా పరిగెత్తింది. "అన్నా, ఉయ్యాల సీను మంచిగుంది గదా? ఒక్క మాట చెప్పన్నా!" అని మిగిలినవాళ్ళ వెంట పడింది. వాళ్ళు బళ్ళు తీసుకునే తొందరలో ఉన్నారు. మేనేజరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసుకెళ్ళి ఓనరును బతిమాలితే, ఆయన అప్పటికే 'సెకండాఫ్ దెబ్బేసిందా?' అని పెద్దక్షరాలు పెట్టి వీడియో వదిలేశాడు. "మస్తు వ్యూస్ వస్తున్నయ్, ఇప్పుడు దాన్ని ముట్టుకోకు" అన్నాడు. శనివారం మొదటి ఆటకే సీను ఎగిరిపోయింది. తిలాపాపం తలా పిడికెడు. ఎవణ్ణడిగినా నేనేం చేశానంటాడు, అదీ నిజమే.

ఆదివారం సంగతి చెప్పబోయే ముందు ఒకటి చెప్పేస్తాను. ఆనాటి వీడియో ముక్క మీరెక్కడా చూసి ఉండరు. అందులో గోల లేదు, నవ్వు లేదు, సాగదీసినట్టుందని ఓనరు తీసేశాడు. స్వరూప ఆయనతో గట్టిగానే పోట్లాడింది, లాభం లేకపోయింది. ఆ తర్వాత కాలరుకు తగిలించుకునే బుల్లి మైకులు వచ్చాయి. నన్ను తెగిన వైర్లతో, చెడిపోయిన చార్జర్లతో కలిపి అట్టపెట్టెలో వేసి మంచం కిందికి తోశారు. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది అక్కడినుంచే. నాకేం బాధ లేదు. మాట నాలోంచి పోతుందే గానీ నాలో నిలవదు, నా పుట్టుక అలాంటిది. మరి ఆదివారం మాటలు ఎలా నిలిచాయో నాకే తెలియదు.

ఆదివారం మ్యాట్నీ వదిలారు. ఫ్యామిలీ ఆడియన్స్ టాక్ కోసం మేమూ వెళ్ళాం. ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు ఒక్కసారిగా మెట్లు దిగి వచ్చాయి. వాళ్ళందరి మీదా వినబడుతున్న గొంతు అండాలుది. సామ్రాజ్యం పక్కింటావిడ.

"అత్తమ్మా, ఎర్కపట్టినం! ఆ గోడ దుంకి పోలీసాయన మెడ కొరికింది నువ్వే గదా? ఏం దుంకినవ్ తల్లీ! నీ మోకాళ్ళ నొప్పులు ఏడవోయినయ్?"

అంతా ఘొల్లున నవ్వారు. ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. సామ్రాజ్యం నవ్వు వాళ్ళ నవ్వులో వినబడలేదు. కాసేపటికి "ఆ, నేనేలేవే" అంది.

స్వరూప చెయ్యి చెమటతో తడిసిపోయింది. అంత సేపు ఆ పిల్ల నన్ను పట్టుకుని కదలకుండా నిలబడటం నేనెరగను. చివరికి వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. "అమ్మా... సినిమా ఎట్లుంది?" గొంతులో ఆ ఖంగు లేదు.

ఈసారి సామ్రాజ్యం నన్ను నెట్టెయ్యలేదు. రెండు చేతులతో పట్టుకుంది.

"బాగుందమ్మా. కాకపోతే శుక్రవారం ఆటలో ఒక ముసలి జాంబీ ఉండేది. కిటికీలోంచి దిగి చంటిదాని దగ్గరికొస్తుంది. కొరుకుతుందనే అనుకుంటాం మనం. కొరకదు. ముందు ఉయ్యాల ముడి లాగి చూస్తుంది, ఊడిపోతే బిడ్డ పడిపోతుందని. అప్పుడు ఊపుతుంది. దానికి పేరు గుర్తులేదు, ఊరు గుర్తులేదు, అన్నం తినడం కూడా గుర్తులేదు. ముడి చూసుకోవాలని మాత్రం గుర్తుంది. అదమ్మా ఆ సీను. ఇవాళ లేదు. మెల్లగా ఉందని తీసేశారంట. నాకు ఏడుపొచ్చింది. తీసినవాళ్ళు ఎవరన్నా ఇది వింటుంటే మళ్ళీ పెట్టండి బాబూ. జనం చూస్తారు."

వాడకట్టు వాళ్ళంతా నవ్వడం మానేశారు.

"అయ్యో, గంత మంచి సీను తీసేసిన్రా!" అంది అండాలు. "ఎవరత్తమ్మా ఆమె?"

"ఎవరో ముసలిదే. పేరు వెయ్యలేదు" అంది సామ్రాజ్యం. "బాగా చేసింది."