పిల్లికూతలు ఆగినప్పుడు

బీరకాయ చెక్కు తీస్తూ చదువుతున్నాను. వంటగట్టు మీద పిల్లల జబ్బుల పుస్తకం, దాని మీద తడి బీరపొట్టు. ఆయాసం వచ్చిన బిడ్డకు పిల్లికూతలు ఆగిపోతే తగ్గిందని సంబరపడకూడదు, గాలి ఆడడమే మానేసి ఉండొచ్చు. గుంటూరు పిల్లల వార్డులో కొత్త నర్సులకు ఈ మాట నేనే చెప్పేదాన్ని. ఇక్కడ పెర్త్‌లో నర్సు ఉద్యోగం కావాలంటే మళ్ళీ పరీక్ష రాయాలి. రేపే.

పొద్దున మా ఆయన వంశీధర్ షూ లేసులు కట్టుకుంటూ తేల్చేశాడు. "పాపకి మొన్ననే ఆయాసం వచ్చింది. అమ్మ ఒక్కతే ఎలా చూస్తుంది? పోస్ట్‌పోన్ చేసెయ్ సృజనా, నీకు అలవాటేగా." కిందటిసారి వాళ్ళ చెల్లెలు వస్తోందని, అంతకుముందు తనకి ఆఫీసులో ప్రాజెక్టు రిలీజ్ ఉందని. మొన్న పాపను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి ఇన్‌హేలర్ పఫ్‌లు ఇచ్చింది నేనే. అదే పని ఆసుపత్రిలో చేస్తే ఉద్యోగం, ఇంట్లో చేస్తే తల్లిప్రేమ. ప్రేమకు జీతం లేదు, సెలవు లేదు, పరీక్ష మాత్రం అక్కర్లేదు. "సరేనండీ" అన్నాను. మొదట్లో పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని. ఇప్పుడు రెండూ లేవు. మా అత్తగారు భ్రమరాంబ ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా మురిసిపోతుంది: "కోడలు ఇప్పుడు బాగా సర్దుకుందమ్మా. మునుపటి నోరు లేదు."

బయట ఎండ మండుతోంది. మా హారిస్‌డేల్ పేటలో అందరిలాగే మేమూ కిటికీల రోలర్ షట్టర్లు దించేశాం. మిట్టమధ్యాహ్నం చీకటి. అత్తగారు బల్ల దగ్గర మెంతికూర గిల్లుతోంది. పాప గదిలో పడుకుంది. దాని ఊపిరి వినడానికి బేబీ మానిటర్ నా పక్కనే పెట్టుకున్నాను.

"సరేనండీ."

నా గొంతు. మానిటర్‌లోంచి. నా నోరు మూసే ఉంది.

అత్తగారు తలెత్తలేదు. నేనే అన్నాననుకుంది.

మళ్ళీ వచ్చింది. "సరేనండీ. అలాగేనండీ." మా అమృతకు నాలుగేళ్ళు, ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ దాని నోట ఒక్క తెలుగు ముక్క రాదు. పీలర్ గట్టు మీద పడేసి వెళ్ళాను.

మంచం మీద లేదు. దించిన షట్టర్‌కు ఎదురుగా నేల మీద కూర్చుని, ఎవరూ లేని చోటికి తల ఊపుతోంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు తల్లీ?"

"నోబడీ. ఐ యామ్ ప్లేయింగ్ అమ్మ."

"అమ్మ ఆట ఎలా ఆడతారు?"

"యూ సే దట్. దెన్ యూ గో క్వయెట్."

చెప్పి నవ్వింది. అది పిల్ల నవ్వు కాదు. పొద్దున ఆ షూ లేసుల వైపు నేను నవ్విన నవ్వు.

నాలుగేళ్ళ పిల్ల తల్లిని అనుకరిస్తే ఎదుగుదల సరిగ్గా ఉన్నట్టే. పుస్తకంలో అలాగే ఉంది. దాని ఛాతీ మీద చెవి పెట్టాను. గాలి హాయిగా ఆడుతోంది. పిల్లికూతలు ఆగింది దానికి కాదు.

ఫోన్ మోగింది. వంశీధర్. "క్యాన్సిల్ చేశావా?"

"లేదు. రేపు వెళ్తున్నాను. మీరు సెలవు పెట్టండి."

ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, బొంగురుగా, కూతపెట్టినట్టు వచ్చింది. అమృత నా పెదాలవంకే చూసింది. ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసి, అచ్చం నాలాగే అంది: "లేదు."

వంటింట్లో మానిటర్ పక్కనుంచి అత్తగారి గొంతు వణికింది.

"ఎవరే లోపల మాట్లాడేది?"