గేటు దగ్గర చదివిన మాటలు

జక్లీనా నాకు రాసిన మాటల్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి బోరివోయే అందరికీ వినపడేలా చదివాడు.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ. లోపలికి వెళ్లేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు, మా లెస్కోవాత్స్ పట్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన బస్సుల డ్రైవర్లు, అందరూ అక్కడే ఉన్నారు. జక్లీనా కార్డు పెడితే గేటు తెరుచుకోలేదు. మళ్లీ పెట్టింది. కాపలావాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అప్పుడు మా సూపర్‌వైజరు బోరివోయే ఫోను పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇవాళ కూడా అమ్మ డైపరు ఒకటి వేసుకొచ్చాను స్లావిత్సా," అని చదివాడు. ఆగి, చుట్టూ చూశాడు. "లైను మీద నుంచి కదలనివ్వరుగా. అమ్మకి ఒకటి తగ్గుతుంది. ఏం చెయ్యమంటావు."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. స్లావిత్సా అంటే నేనే.

"కంపెనీ పరువు తీసే మాటలివి," అన్నాడు బోరివోయే. "ఇంకా ఉన్నాయి. లైను ఆపుదామన్న మాటలు. ఎవరెవరు ఏం రాశారో అన్నీ నా దగ్గరున్నాయి. ఇవాళ్టికి ఈవిడ ఒక్కతే ఇంటికి."

లెక్క వాడికి బాగా తెలుసు. అందర్నీ తీసేస్తే లైను ఆగుతుంది. ఒక్కదాన్ని తీస్తే మిగిలినవాళ్లు వణుకుతారు. జక్లీనా కార్డు వాడి చేతిలో పెట్టి, కోటు గుండీలు ఒక్కొక్కటీ పెట్టుకుంది. బస్సు ఎక్కలేదు. రోడ్డు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మేం చేసేది కార్లలో వేసే వైర్ల కట్టలు. లైను కదులుతూనే ఉంటుంది, చేతులు కదులుతూనే ఉండాలి. పాయిఖానాకి వెళ్లాలంటే చెయ్యెత్తి అడగాలి. మా స్థానంలో పని చెయ్యడానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషిని ఎప్పుడో తీసేశారు. ఫ్యాక్టరీలో నోరెత్తితే పక్కనున్న మనిషే వెళ్లి చెప్తాడేమోనని భయం. అందుకే ఇంటికెళ్లాక మంచుకోట ఆడేవాళ్లం. పిల్లలాడే ఆటే. కోట కట్టాలి, కాపలా కాయాలి, మంచు రాక్షసులొస్తే తరమాలి. మా జట్టు పేరు మూడో షిఫ్టు. చెవుల్లో మైకు పెట్టుకుని, ఉల్లిపాయలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఆడేవాళ్లం. అక్కడ ఏ సూపర్‌వైజరూ లేడు. అక్కడే నవ్వాం, అక్కడే ఏడ్చాం, అందరం ఒక్కసారే లేస్తే ఏం చేస్తారన్న మాట కూడా అక్కడే అనుకున్నాం.

ఆ ఆట నడిపే నెట్‌వర్కులో దొంగలు పడ్డారు. ఆడేవాళ్ల పేర్లు, చిరునామాలు, ఒకరికొకరు రహస్యంగా రాసుకున్న మాటలు, అన్నీ ఎత్తుకెళ్లి నెట్‌లో అందరికీ దొరికేలా పోశారు. ఆట కంపెనీ ఏమంది? "మరమ్మతులు జరుగుతున్నాయి, ఓపిక పట్టండి" అని ఒక్క ముక్క. వాళ్లకి ముందే తెలుసు. చెప్పి ఉంటే మేం ఆ మాటలు చెరిపేసుకునేవాళ్లం. వాళ్లు తమ పరువు చూసుకున్నారు. ఈలోగా మా ఊరి పేరు కొట్టి వెతికితే చాలు, బోరివోయేకి మా బతుకులన్నీ దొరికాయి.

ఆ ఆదివారం తిహోమీర్ బాబాయ్ పెరట్లో కలిశాం. బాబాయ్ మా లైన్లో అందరికంటే పెద్దవాడు, మా కోటకి ద్వారపాలకుడు. చలికాలం నిల్వకి ఇంటింటా మిరపకాయలు కాల్చే రోజులు. ఆయన పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు తిప్పుతున్నాడు, మేం చుట్టూ కూర్చుని తొక్క ఒలుస్తున్నాం. మా లైన్లోనే పనిచేసే మిలుంకా మొదలెట్టింది.

"ఆటంట ఆట! ముప్పయ్యేళ్లు దాటినవాళ్లకి ఆటేమిటి? రాసుకోవడమేమిటి? ఇప్పుడు అందరి కొంపలూ అంటుకున్నాయి."

"నువ్వూ ఆడావుగా," అన్నాను.

"ఆడాను. డైపర్ల సంగతి రాశానా?"

జక్లీనా చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. "వేసుకోలేదా నువ్వు?" అని నెమ్మదిగా అడిగింది. "చెప్పు మిలుంకా. వేసుకోలేదా?"

మిలుంకా మొహం ఎర్రబడింది. "వేసుకున్నాను," అంది. ఇంకెవరో అన్నారు, "నేనూ." ఒక మగవాడు కూడా అన్నాడు. ఆ పెరట్లో ఉన్నవాళ్లలో అనని మనిషి లేడు.

తిహోమీర్ బాబాయ్ పట్కారు పక్కన పెట్టాడు. "తాళం పగలగొట్టినవాడొకడు. తలుపుకి సరైన తాళం వెయ్యనివాడొకడు. లోపలికొచ్చి మన బట్టలు విప్పి చూసి నవ్వినవాడు ఇంకొకడు. వీళ్లందర్నీ వదిలేసి మనం మనల్నే తిట్టుకుంటున్నాం. బోరివోయేకి కావలసింది ఇదేరా!"

కానీ నవ్వినవాడు బోరివోయే ఒక్కడే కాదు. ఆట ఆడే కుర్రాళ్ల ముచ్చట్లలో ఎవడో జక్లీనా మాటలు పట్టాడు. కిరీటం పెట్టుకుని డైపరు కట్టుకున్న రాణి బొమ్మ గీసి, కింద ఆ మాటలు రాశాడు. చూసినవాళ్లు చూసినట్టు పంచుకున్నారు. మిగతావాళ్ల గోల వేరే. ఆటలో ఒకడి కత్తి పోయింది, ఒకడి పెంపుడు గద్దని ఎవరో కాజేశారు. "దాచుకోడానికి నాకేముంది, పోతే పోనీ" అని ఇంకొకడు. "పాస్‌వర్డు మార్చుకుంటే చాలదా, ఎందుకీ ఏడుపు" అని మరొకడు.

వాళ్లంతా ఆట కంపెనీని నిలదీస్తామని మంచుకోట ఆటలోనే ఉండే మైదానంలో పోగయ్యారు. మేమూ వెళ్లాం. జక్లీనాకి తన ఫోను మీద చెయ్యి వెయ్యడమే అసహ్యంగా ఉంది. మా ఇంటికొచ్చి నా పక్కన కూర్చుంది. తెర నిండా జనం. కవచాలు తొడిగినవాళ్లు, గద్దల మీద తిరుగుతున్నవాళ్లు, కోడి వేషం వేసినవాడొకడు. "మా గద్దల్ని తెచ్చివ్వండి!" అని కేకలు. జక్లీనా మైకు తీసుకుంది.

"ఆ రాణిని నేనే," అంది.

ఒక్కసారిగా నవ్వులు, ఈలలు. "అమ్మగారూ, ఇప్పుడు కూడా వేసుకునే ఉన్నారా?" అని ఎవడో.

"లేదు. ఉద్యోగం పోయింది. ఇప్పుడు అవసరం లేదు."

నవ్వు సగంలో తెగిపోయింది. కోడి వేషం వాడు అడిగాడు, "మరి వెళ్లనివ్వరా అక్కా? నిజంగానే?"

ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు. లైను సంగతి, చెయ్యెత్తితే ఎవరూ రాని సంగతి, నీళ్లు తాగకుండా షిఫ్టుకి రావడం, మంచంలో ఉన్న అమ్మ అల్మరాలోంచి ఒక్కొక్కటీ తియ్యడం. అప్పుడు స్కోప్యే నుంచి ఒకమ్మాయి, ఫోన్లు ఎత్తే ఆఫీసులో పని చేస్తుందట, మాట్లాడింది. "మేం పాయిఖానాకి వెళ్తే గడియారం పెడతారు. ఆలస్యమైతే అందరి ముందూ పేరు చదువుతారు." బోస్నియా నుంచి ఒక లారీ డ్రైవరు, "నా సీటు కింద సీసా ఉంటుంది, ఎందుకో చెప్పక్కర్లేదుగా." ఆ తర్వాత ఆగలేదు. గద్దల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకళ్లనొకళ్లు ఎన్నడూ చూడనివాళ్లు, తమ తమ వంటిళ్లలో కూర్చుని, మొదటిసారి తమ పని గురించి చెప్పుకున్నారు.

మధ్యలో మైదానం మాయమైంది. "మర్యాద తప్పిన ప్రవర్తన కారణంగా" మూసేశామని ఆట కంపెనీ రాసింది. నా ఖాతా కూడా కొట్టేసింది. దొంగలు పడితే నోరు విప్పనివాళ్లకి, ఒక ఆడమనిషి గొంతు నొక్కడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

ఇక దెసాంకా పిన్ని గురించి చెప్పాలి. ఇది చెప్పడమే నాకు కష్టం.

పిన్ని, జక్లీనా వాళ్లమ్మ. ఒకప్పుడు బట్టల మిల్లులో మగ్గాలు నడిపిన మనిషి. నడుము పడిపోయి మంచం పట్టింది. ఉద్యోగం పోయిన సంగతి జక్లీనా ఆమెకి చెప్పలేదు. రోజూ షిఫ్టు వేళకే కోటు వేసుకుని బయల్దేరి, తోటల్లో మిరపకాయలు కొయ్యడానికి వెళ్లేది. ఆమె లేనప్పుడు పక్కింటావిడ వచ్చి పిన్నిని చూసేది. ఆవిడ చెడ్డదేం కాదు, నోరు ఆగదు అంతే. "నీ కూతురి బొమ్మ దేశమంతా తిరుగుతోంది దెసాంకా," అని ఫోను చూపించింది. కింద రాసిన మాటలు కూడా చదివి వినిపించింది.

ఆ రోజు నుంచి పిన్ని, గ్లాసు పట్టుకెళ్తే మొహం తిప్పేసేది. "దాహంగా లేదే," అనేది. సూపు పెడితే ఒక చెంచా, చాలు. వయసు మీద పడిందనుకుంది జక్లీనా. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మందలించింది, ఒంట్లో నీరు చుక్క లేదు, మూత్రపిండాలు పోయాయి అని.

కొంచెం తెలివొచ్చినప్పుడు జక్లీనా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎందుకు తాగలేదమ్మా? ఎందుకు?"

పిన్ని పెదాలు పొట్టు రేగిపోయి ఉన్నాయి. "తాగితే తడుస్తాయి కదే," అంది. "నీకు తక్కువవుతాయని."

జక్లీనా నోరు తెరిచింది. ఉద్యోగం పోయిందమ్మా, నాకింక అవి అక్కర్లేదు అని చెప్పాలి. చెప్పలేకపోయింది. చెప్తే, ఉత్తపుణ్యానికే ఎండిపోయానని తెలుసుకుని కన్నుమూస్తుంది ఆ తల్లి. "సరేనమ్మా," అంది. "నాకు సరిపోయాయిలే." తెల్లారేసరికి పిన్ని లేదు.

అంత్యక్రియలకి మా వీధివాళ్లు వస్తారనుకున్నాం. నీష్ నుంచి, వ్రాన్యే నుంచి, సరిహద్దు దాటి స్కోప్యే నుంచి ఎవరెవరో వచ్చారు. ఒకళ్లనొకళ్లు ఆట పేర్లతో గుర్తుపట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని సిగ్గుగా నిలబడ్డారు. పొడుగ్గా, బక్కగా ఉన్న ఒక విద్యార్థి జక్లీనా ముందుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా పేరు ఓగ్న్యెన్. ఆ బొమ్మ గీసింది నేనే అక్కా."

మిలుంకా వాడి కాలరు పట్టుకుంది. "ఏరా, ఇప్పుడు నవ్వరా! నవ్వు!" తిహోమీర్ బాబాయ్ విడిపించాడు.

జక్లీనా నల్ల రుమాలు సర్దుకుని వాడిని చూసింది. "నిన్ను తిట్టే ఓపిక లేదు. క్షమించే ఓపికా లేదు," అంది. "పెట్టె దించడానికి అటుపక్క మనిషి తక్కువున్నాడు. తాడు పట్టుకో."

వాడు తాడు పట్టుకున్నాడు. పెట్టె కిందికి దిగుతుంటే వాడి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. వాడిని ఎవరూ ఓదార్చలేదు.

సోమవారం పొద్దున, లైను జోరుగా నడుస్తుండగా, నేను చేతిలో వైర్లు కింద పెట్టాను. చెయ్యెత్తలేదు. లేచాను. వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే మిలుంకా. ఆ తర్వాత తిహోమీర్ బాబాయ్. ఆ తర్వాత వరస వరసంతా. లైను తనంతట తాను కదులుతూనే ఉంది, దాని మీద చేతులు లేవు.

"ఎక్కడికి? ఎక్కడికంట అందరూ?" బోరివోయే అరిచాడు.

"పాయిఖానాకి," అన్నాడు బాబాయ్.

అందరం నడిచాం. ఇంతమందికి తలుపులు రెండే. వరస హాలు దాటి, మెట్లు దాటి, గేటు దాకా సాగింది. ముందే అనుకున్నట్టు గేటు బయట జక్లీనా, ఓగ్న్యెన్, శ్మశానానికి వచ్చిన కొత్త మనుషులు ఉన్నారు. లోపలివాళ్లం బయటివాళ్లతో కలిసిపోయాం. "మనిషికి మనిషి మర్యాద!" అని ఎవరో అన్నారు, అందరం అందుకున్నాం.

పోలీసులు వచ్చారు. మొదట తిహోమీర్ బాబాయ్‌ని జీపెక్కించారు. ఆయన ఎదురు తిరగలేదు, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మేం జీపు ముందు రోడ్డు మీద కూర్చున్నాం. ఆఫీసరు బెదిరించాడు, "లేవకపోతే ఒక్కొక్కరి పేరూ చిరునామా తీసుకుంటాను!"

మిలుంకా పకాలున నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి. "అవి ప్రపంచమంతా చూసేసింది నాయనా. నీకు మాత్రం దాస్తామా?" అని, పేరు, వీధి, ఇంటి నంబరు గట్టిగా చెప్పింది. పక్కనున్న మనిషి తనది చెప్పాడు. ఓగ్న్యెన్ తనది చెప్పాడు. మా దగ్గర్నుంచి దొంగిలించినవన్నీ మా నోళ్లతో మేమే చెప్పాం.

జక్లీనా వంతు వచ్చింది. పేరు చెప్పింది. ఇల్లు చెప్పింది.

"ఇంట్లో ఇంకెవరుంటారు?" అని ఆఫీసరు అలవాటుగా అడిగాడు.

"ఇప్పుడు ఎవరూ లేరు," అంది.

ఆఫీసరు కలం ఆగింది. ఆమె వెనకనుంచి ఎవరో మోకాళ్ల మీద ముందుకు జరిగి, తన పేరు చెప్పారు. ఆ తర్వాత ఇంకొకరు.