చేతికి తగిన హ్యాండిల్

ఆ నెలలో ప్రమీల చేతిలోంచి జారి పగిలిన మూడో గాజు గ్లాసు అది. "చేతులు యాడ పెట్టుకున్యావమ్మా?" అంది అత్త జీవమ్మ. ముక్కలు ఏరుతుంటే చిటికెన వేలు తెగింది. రక్తం కనబడేదాకా ప్రమీలకు తెలియనే లేదు.

ఆమె ఆళ్లగడ్డలో ఆశా కార్యకర్త. కొడుకు బెన్నీ హాస్టలుకు పోయాక వాడి సైకిలు ఆమెకు మిగిలింది. హ్యాండిల్ కర్రముక్కలా తిన్నగా ఉంటుంది. అందుకోవాలంటే ముందుకు వంగాలి. ఒంటి బరువంతా అరచేతుల మీదే. తెల్లారి లేస్తే వంట, అంట్లు, బట్టలు. తర్వాత బాలింతల ఇళ్లు. ఇంటికి వచ్చేసరికి వేళ్లు తనవి కానట్టుండేవి. "నరం నలుగుతోంది, హ్యాండిల్ మార్చుకో" అంది డాక్టరమ్మ. భర్త ప్రేమ్ సాగర్ నవ్వాడు. "సైకిలు తొక్కితే చేతులు మొద్దుబారేదేందీ? మా నాయన బతుకంతా తొక్కలేదా?" మీ నాయన చేత ఎవరూ అంట్లు తోమించలేదు అనుకుంటూ ప్రమీల అంట్ల ముందు కూర్చుంది.

ఆ వారమే మొద్దుబారిన చేత్తో ఒక పసిబిడ్డ ఒళ్లు తడిమి, బాగానే ఉంది అనేసింది. బిడ్డ అవ్వ రాములమ్మ గయ్యిమంది. "ఒళ్లు కాలిపోతాంటే బాగుందంటావేందమ్మా?" థర్మామీటరు పెడితే జ్వరం నిజమే. ఆస్పత్రిలో బిడ్డ కోలుకుంది గానీ, ప్రమీలకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

మీటింగుకు నంద్యాల పోయినరోజు సైకిళ్ల దుకాణం మెట్లెక్కింది. గల్లా దగ్గర కృష్ణకుమారి అనే ఆమె కూర్చుని ఉంది.

"హ్యాండిల్ కావాల."

"ఎవరికి?"

"నాకే." ఆ మాట అనడానికి ఎందుకో సిగ్గేసింది.

"చేతులు కిందికి వదిలెయ్ అక్కా. బిగబట్టొద్దు. ఇప్పుడు చూసుకో, ఎట్లుండాయో."

అరచేతులు తొడలవైపు తిరిగి ఉన్నాయి. వేళ్లు కొద్దిగా ముడుచుకుని, మణికట్లు వంకర లేకుండా.

"వాటికి హాయిగా ఉండేది అట్ల. తిన్నటి హ్యాండిల్ వాటిని మెలిపెడ్తాది."

మూడు రకాల హ్యాండిళ్లున్న సైకిళ్లు పెరట్లో తొక్కించింది. ఎత్తుగా ఉన్నా తిన్నటిదే అయిన మొదటిదానికి మణికట్టు లాగింది. రెండోది ఇరుకు. మూడోది వెడల్పు. దాని కొసలు వెనక్కి వంగి వచ్చి ఆమె చేతుల్లోనే ఆగాయి. వెన్ను దానంతటదే నిటారయింది. ప్రమీల దిగకుండా అక్కడే తిరిగింది. నలభై రెండేళ్లుగా ఈ చేతులతో చెయ్యని చాకిరీ లేదు. వాటికేది హాయో ఎవరూ అడగలేదు, తను కూడా. చర్చిలో మోకరించినప్పటి నిశ్శబ్దం ఒళ్లంతా పాకింది.

అట్లాంటి హ్యాండిలే కొని, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. ఆళ్లగడ్డలో పొడుగు బ్రేకు వైర్లు వేయించి బిగించుకుంది. నెల తిరిగేసరికి వేళ్ల తిమ్మిరి తగ్గింది. ఒక పొద్దున కొత్తగా పుట్టిన బిడ్డ నెత్తి నిమురుతుంటే, మాడు మీది మెత్తటి చోట ప్రాణం కొట్టుకోవడం వేలికొసకు తగిలింది. వేలు తియ్యకుండా అట్లే ఉంచింది. ఇంత చిన్న అదురు, ఇంత పెద్ద లోకం!

ఆదివారం ప్రేమ్ సాగర్ బండి చెడిపోయి సైకిలు తీశాడు. గేటు దాకా పోయి వెనక్కొచ్చాడు. "ఆడోళ్ల సైకిలు మాదిరుంది. నలుగురూ నవ్వుతారు. పాత హ్యాండిల్ బిగించుకొస్తా, స్పానరు యాడుంది?"

ప్రమీల సైకిలు తాళంచెవి అతని చేతిలోంచి తీసుకుని తన సంచిలో వేసుకుంది.

"నడిచిపోప్పా. ఎండ గూడా లేదు."