రెండూ ఎడమ చేతులే

మంగళవారం పొద్దున అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్న మాస్టరమ్మ తనకు తెలియకుండానే కూనిరాగం తీసింది. ఏ పాటో కూడా కాదు, రెండు ముక్కలంతే. ఆ గొంతు తనదేనని తెలియగానే గుండె ఝల్లుమంది. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. వంటగదిలో భర్త గిన్నెలు కడుగుతున్నాడు. నీళ్ల చప్పుడులో విని ఉండడులే అని మెల్లగా ఊపిరి వదిలింది, దొంగతనం చేస్తూ వెంట్రుకవాసిలో తప్పించుకున్నట్టు.

నిజానికి ఆమె పిరికి మనిషి కాదు. కోట్లు కుట్టే దుకాణంలో పద్నాలుగేళ్లుగా గుడ్డ కత్తిరించేది ఆమే. సుద్దముక్కతో ఒక్క గీత గీసి కత్తెర పెట్టిందంటే ఇక ఆగడమంటూ ఉండేది కాదు. అందుకే ఓనరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరూ మాస్టరమ్మ అనే పిలిచేవారు. అలాంటి మనిషిని కిందటేడు డిప్రెషన్ మంచాన పడేసింది. నొప్పీ లేదు, జ్వరమూ లేదు. లేవమంటే, ఎందుకు లేవాలో తెలిసేది కాదు. కూతురు బడి నుంచి వచ్చి ఎదురుగా నిలబడితే, ఎవరి పిల్లో అన్నట్టు చూసేది. డాక్టరమ్మ మందులు రాసింది, వారంవారం కూర్చోబెట్టి మాట్లాడించింది. నాలుగు నెలలకు కాస్త తేరుకుంది.

అసలు దెబ్బ అక్కడే తగిలింది. తేరుకున్నానని నోరారా అందరికీ చెప్పుకుంది. భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఆ రోజు డిపోలో కనపడ్డవాళ్లందరినీ ఆపి మరీ చెప్పాడు. కూతురు గోడ మీద అమ్మ బొమ్మ గీసింది, చేతిలో అమ్మకంటే పెద్ద కత్తెర. ఆ సంబరంలో మాస్టరమ్మ, డాక్టరమ్మ నిదానం నిదానం అంటున్నా వినకుండా, మందులు తనంతట తనే సగానికి తగ్గించుకుని పూర్తి పనిలోకి దిగిపోయింది. మూడు వారాలు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం బల్ల మీద గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, గీత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గంటన్నర అలాగే నిలబడిపోయింది. భర్త వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. ఈసారి పడ్డ గొయ్యి మొదటిదానికంటే లోతు. గోడ మీది బొమ్మని కూతురు ఎప్పుడు తుడిచేసిందో కూడా ఆమెకు తెలియదు.

అది జరిగి ఎనిమిది నెలలు. ఇప్పుడు మందులు ఒక్క పూట తప్పడం లేదు. దుకాణానికి ఒంటిపూట వెళ్లి, ఓ మూల కూర్చుని, కుట్టిన కోట్లకు వేలాడే దారపు కొసలు కత్తిరిస్తోంది. అంతవరకూ ఏ గొడవా లేదు. గొడవల్లా ఈమధ్య ఒళ్లు తేలిగ్గా ఉండటమే. ఎండ కిటికీలో పడితే ఎండలాగే కనిపిస్తోంది. సబ్బు వాసన తెలుస్తోంది. ఆకలి వేస్తోంది.

ఇది ఎవరికీ తెలియకూడదని ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా అనుకుంది. తెలిస్తే ఆశ పడతారు. ఆశ పడ్డాక మళ్లీ కూలబడితే ఈసారి భర్త మొహం, కూతురి మొహం చూడలేననుకుంది. అందుకని అందరితో కలిసి తింటున్నప్పుడు సగంలో కంచం పక్కకు నెట్టేసేది. వాళ్లు గుమ్మం దాటగానే పొయ్యి పక్కన నిలబడి గిన్నెలోంచే తినేది.

"మనింట్లో ఎలుకలు బాగా తెలివిమీరాయి," అన్నాడు ఒకరోజు భర్త. "మూత తీసి తిని, మళ్లీ జాగ్రత్తగా మూత పెడుతున్నాయి."

ఆమె మొహం పాలిపోయింది. అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పొద్దున్న లేవడం అన్నిటికంటే కష్టం. కళ్లు తెరిచీ కదలకుండా పడుకుని, చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు లోపలంతా వెతుక్కునేది. ఛాతీ మీద బరువు ఉందా? లేదు. ఉంటే బాగుండేదేమో, ఎక్కడుందో తెలిసేది. లేకపోతే ఆ జబ్బు ఏ మూలన నక్కి చూస్తోందో ఏమో. డాక్టరమ్మ దగ్గర కూడా ఇదే నాటకం.

"ఎలా ఉంది?"

"అలాగే ఉందండీ."

"అలాగే అంటే?"

"అలాగే అంటే అలాగేనండీ."

డాక్టరమ్మ కళ్లజోడు మీదుగా చూసి, మందుల చీటీ రాసిచ్చింది.

శుక్రవారం పొద్దున దుకాణంలో ఆమె బదులు గుడ్డ కత్తిరిస్తున్న మాస్టరు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఓనరు ముసలాయన మాస్టరమ్మ ముందుకొచ్చి, అడగలేక అడగలేక తల గోక్కున్నాడు.

"ఒక్క కోటమ్మా. సోమవారానికి ఇవ్వాలి. నీకు కుదిరితేనే."

ఆమె కూర్చున్నచోటే మరో దారపు కొస అందుకుంది. కిటికీ దగ్గర కూర్చుని చేత్తో కాజాలు కుట్టే పెద్దావిడ, అందరికీ పిన్నే, తల ఎత్తకుండానే అంది.

"వెళ్లవే. కత్తెరేం కరవదు."

"నేనే దాన్ని కరుస్తానేమో పిన్నీ," అంది మాస్టరమ్మ. తను జోకు వేసిందని తెలిసి మరింత భయపడింది.

అయినా లేచింది. బూడిదరంగు ఉన్ని గుడ్డ, దిట్టమైనది. పరిచి అరచేత్తో సాపు చేసింది. మొదటి గీత పడటానికే చాలాసేపు పట్టింది. తర్వాత చేతులు వాటంతట అవే దారి పట్టాయి. వీపు ముక్క, ముందు ముక్కలు, కాలరు. కత్తెర కరకరలాడుతుంటే ఓ అరగంట ఆమెకు ఇంకేమీ గుర్తు రాలేదు. ఎంత హాయిగా ఉందో అనుకుంది. అనుకోవడమే తప్పయింది. పోయినసారి కూడా ఇలాగే హాయిగా ఉంది. ఇలాగే, ఇదే బల్ల. తొందరగా ముగించేసి మూలకు వెళ్లిపోవాలనిపించింది. గుడ్డ వెడల్పు చాలక కోటు చేతులు ఒక్కొక్కటిగా కత్తిరించాలి. ఒకటయ్యాక నమూనా కాగితాన్ని తిరగేసి రెండోది గీయాలి. గబగబా గీసి కత్తిరించేసింది.

పిన్ని ముక్కలు అందుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది.

"ఇదేంటే, రెండూ ఎడమ చేతులే!"

మాస్టరమ్మ కత్తెర కింద పెట్టింది. సంచి కూడా తీసుకోకుండా బయటపడింది. వీధిలో ఎవరు ఎదురొచ్చారో చూడలేదు. ఇంటికొచ్చి పట్టపగలే మంచమెక్కి, దుప్పటి నెత్తిదాకా లాక్కుని, వెక్కివెక్కి ఏడ్చింది. వచ్చేసింది, వచ్చేసింది, అదే మాట లోపల గిరగిరా తిరుగుతోంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి, కూతుర్ని బడి నుంచి తీసుకుని భర్త వచ్చేసరికి ఇంకా అలాగే ఉంది.

"ఏమైంది?" అన్నాడు, గుమ్మంలోనే ఆగిపోయి.

"మళ్లీ వచ్చేసిందండీ," అంది దుప్పట్లోంచి. "మూడు వారాలుగా బాగున్నా. మీకు చెప్పలేదు. చెప్తే పోతుందనుకున్నా. చెప్పకపోయినా పోయింది."

అతను వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"మూడు కాదు, నాలుగు," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు బాగుండబట్టి నాలుగు వారాలు. పాటలు పాడుకుంటున్నావు. గిన్నె అడుగుదాకా తింటున్నావు. ఎలుకల మాట అన్నప్పుడు నీ మొహం చూసి, ఇక నోరెత్తకూడదనుకున్నా."

"తెలిసి కూడా అడగలేదా?"

"భయమేసింది. పోయినసారి డిపో అంతా దండోరా వేసింది నేనే కదా. నా నోటి దిష్టే తగిలిందేమోనని… ఇప్పుడు రోజూ స్టీరింగు పట్టుకుంటే అదే ఆలోచన. ఇంటికెళ్లేసరికి ఎలా ఉంటుందో, ఎలా ఉంటుందో అని. అమ్మనేం అడగొద్దని దీనికి కూడా చెప్పా. దీనికి నాకంటే ముందే తెలుసట."

తలుపు పక్కన సంచి దించకుండా నిలబడ్డ కూతురు తల ఊపింది. పదేళ్లు దానికి.

"మొన్న నన్ను తిట్టావుగా, సాక్సులు ఎక్కడపడితే అక్కడ పారేశానని. జబ్బుగా ఉన్నప్పుడు నువ్వు అసలు తిట్టేదానివే కాదు."

మాస్టరమ్మ దుప్పటి దించి చూసింది.

"మరి ఇప్పుడెందుకు ఏడుస్తున్నావమ్మా?"

"రెండూ ఎడమ చేతులే కత్తిరించానే! మంచి ఉన్ని గుడ్డ. ఆ ముసలాయనకి ఏ మొహం పెట్టుకుని కనపడను? అదీ పిన్ని ముందు, అందరి ముందు…"

చెబుతూ చెబుతూ ఆగింది. జబ్బుగా ఉన్న ఆ నెలల్లో ఎందుకిలా ఉన్నావని ఎంతమంది అడిగినా చెప్పడానికి ఒక్క ముక్క దొరికేది కాదు. ఏడుపు కూడా వచ్చేది కాదు, ఏడిస్తే బాగుణ్ణని డాక్టరమ్మతో అంది కూడా. ఇప్పుడు కళ్లు వాచిపోయి ఉన్నాయి, సిగ్గుతో చెవులు మండుతున్నాయి, పైగా ఆకలేస్తోంది.

అయినా భయం దిగలేదు. ఇది వేరే ఏడుపని తెలిసినంత మాత్రాన రేపు ఎలా ఉంటుందో తెలిసిపోతుందా? భర్త ఫోను కలిపి చేతికిచ్చాడు.

"ఇన్నాళ్లూ మీకు అబద్ధం చెప్పానండీ," అంది డాక్టరమ్మతో. "బాగానే ఉన్నాను. రేపు బాగోకపోతే ఏం చెయ్యాలి?"

"మందులు?"

"ఒక్కటీ మానలేదు."

"అయితే పోయినసారికీ ఇప్పటికీ అక్కడే తేడా ఉంది. రేపు బాగోకపోతే నాకు చెప్పండి. ఎల్లుండి కూడా బాగోకపోతే ఎల్లుండి చెప్పండి. మళ్లీ రాదని నేను మాటివ్వలేను. కానీ వస్తుందని మీరు మాత్రం ఎలా అంత గట్టిగా చెప్తున్నారు?"

ఆమె ఫోను భర్తకిచ్చి దుప్పటి మడతపెట్టింది.

మర్నాడు దుకాణందాకా భర్త తోడొచ్చాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. ఓనరే బయటికొచ్చాడు.

"రెండు కుడి చేతులు కత్తిరించిన మహానుభావుణ్ణి నేను," అన్నాడు. "అదీ పెళ్లికొడుకు కోటుకి."

"మరేం చేశారు?"

"ఏం చేస్తాను, నీలాగే ఇంటికి పారిపోయా."

మిగిలిన గుడ్డ నిండు చెయ్యికి చాలదు. చంక కింద, కంటికి ఆనని చోట, ఒక అతుకు వేస్తే సరిపోతుంది. మాస్టరమ్మ సుద్ద పట్టుకుంది. గీత వంకరపోయింది. తుడిచి మళ్లీ గీసింది. మళ్లీ వంకర. మూడోసారి గీత కుదిరింది. నమూనాను తిరగేశానా లేదా అని నాలుగుసార్లు చూసుకుని, ఊపిరి బిగబట్టి కత్తెర పెట్టింది. సోమవారం కోటు వెళ్లిపోయింది.

ఆ తర్వాత అంతా నల్లేరు మీద నడక కాలేదు. నెల తిరిగాక ఐదు రోజులు మబ్బు కమ్మినట్టే అయింది. మూడోరోజు ఆమె హడలిపోయి దుకాణం మానేసింది. కానీ ఈసారి దాచలేదు. "బాగాలేదు," అని పొద్దున్నే చెప్పింది. భర్త డాక్టరమ్మకు ఫోను చేశాడు, కూతురు సాక్సులు తనే వెతుక్కుని బడికెళ్లింది. ఆరోరోజు ఎందుకు తేలికపడిందో ఎవరికీ తెలియదు. ఆమె లేచి స్నానం చేసింది.

చలికాలం వచ్చేసరికి పూర్తి పనిలో చేరింది. భర్త డిపోలో ఎవరికీ చెప్పలేదు, నోరు కట్టేసుకోలేక ఒక్క కండక్టరుతో తప్ప.

ఇప్పటికీ ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే ఆమె వెంటనే జవాబివ్వదు. కాసేపు లోపల చూసుకుంటుంది. "బాగున్నాను," అంటుంది. అన్నాక గుండె దడదడ కొట్టుకుంటుంది. మాటను మాత్రం వెనక్కి తీసుకోదు.