మండని పుండు

కల్లాల మధ్య కంచెగా వేసిన ముళ్ళకంప మొదట్లో మళ్ళీ చీమలు పట్టి ఉన్నాయి. యలమందయ్య రోజూ ఒంటేలుకు కూర్చునే చోటే. ఎర్రగా, నిన్నటికంటే దట్టంగా. కంపకు అవతల వదిన సుబ్బరావమ్మ కల్లం. ఇక అతనికి అనుమానం లేకపోయింది. ఆమే బెల్లం నీళ్ళు పోసి మంత్రించింది.

లేకపోతే మిరప నాటిననాడు బిగువుగా ఉన్న పంచె, కాయ కోతకొచ్చేసరికి నడుం మీద నిలవకుండా జారడమేమిటి? చెంబుల కొద్దీ తాగినా నాలుక పిడచకట్టుకుపోతోంది. రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నాడు. చూపు మసకేస్తోంది. చెప్పు కొరికిన చోట పుండు నెల దాటినా మానలేదు. మిరప కల్లంలో తిరిగేవాడికి దాహం, కాళ్ళ మంటలు మామూలేనని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాడు. రెండేళ్ళ కింద అన్న కూడా ఇలాగే ఎండిపోయి చచ్చాడు.

తుమ్మకర్ర పట్టుకుని కంప దాటాడు.

సుబ్బరావమ్మ పట్టా మీద కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. కూలికొచ్చిన జక్రయ్య టిక్కీ బస్తాలోకి దిగి కాయలు తొక్కుతున్నాడు.

"మా అన్నను మింగింది చాలక నా మీద పడ్డావటే?"

"ఏందిరా పొద్దున్నే నీ వాగుడు?"

ఆమె తలెత్తేలోగా కర్ర పడింది. నుదురు చిట్లింది. రెండో దెబ్బ అడ్డం పెట్టిన చేతి మీద పడింది. ఎముక పెళుక్కుమనడం కర్రలోంచి అతని అరచేతికి తెలిసింది. హాయిగా అనిపించింది. జుట్టు పట్టుకుని కాయల మీద ఈడ్చాడు. ఆమె దొరికినంత గింజా దుమ్మూ పిడికిట పట్టి అతని కళ్ళలో కొట్టింది.

యలమందయ్య ఎద్దులా రంకె వేశాడు. గుడ్డిగా తన్నుతూ ఆమె రాశినంతా తొక్కి చిందరవందర చేశాడు. జక్రయ్య టిక్కీలోంచి దూకి వెనకనుంచి వాటేసుకున్నాడు. మోచేత్తో ఒక్కటిచ్చేసరికి జక్రయ్య పన్ను విరిగింది. అయినా వదల్లేదు. ఇద్దరూ కాయల్లో పడ్డారు.

"అయ్యా, మీ కాలు!" అన్నాడు జక్రయ్య.

పుండుకు కట్టిన గుడ్డ ఎటో ఊడిపోయింది. పుండు నోరు తెరుచుకుని, అందులో గింజలు అంటుకుని, నెత్తురు కారుతోంది.

"గోటి పక్క చీలిక ఉంటేనే మేం ఈ కాయ ముట్టుకోమండీ. తమరికి మండట్లా?"

కళ్ళు మండుతున్నాయి. గీసుకుపోయిన మోచెయ్యి మండుతోంది. కాలు మాత్రం ఊరుకుంది. యలమందయ్య ఒక కాయ తీసి, చిదిమి, ఆ పుండులో పెట్టి నలిపాడు. ఇంకా గట్టిగా నలిపాడు. ఎవరిదో కాలు పట్టుకున్నట్టుంది.

"ఇదీ నీ పనే. బెల్లం నీళ్ళు పోసి చీమల్ని పట్టించావు," అన్నాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు.

సుబ్బరావమ్మ నెత్తురు ఉమ్మి నవ్వింది. "బెల్లమా? నీ ఒంటేలేరా అది, సన్నాసీ. మీ అన్నకీ అట్టాగే పట్టేవి. రోజూ నేనే బూడిద చల్లేదాన్ని. దాహమంటే మజ్జిగ పోశా, చిక్కిపోతే దిష్టి తీశా. షుగరని తెలిసేసరికి కాలు మోకాలి దాకా తీసేశారు. ఆయన పోయాక నువ్వేమో నేను చేతబడి చేశానని ఊరంతా చాటావు."

"అబద్ధం!" పక్కన పడ్డ కర్ర మళ్ళీ లేచింది. ఆమె తప్పుకోలేదు.

"కొట్టు. నన్ను చంపితే ఆ పుండు మానుద్దా?"

కర్ర గాలిలో ఉండగానే యలమందయ్య చూపు కాలి మీదికి జారింది. నెత్తురు మడమ దాకా వచ్చింది. అది కూడా చూస్తేగాని తెలియలేదు. కర్ర దించాడు. జక్రయ్య దాన్ని లాక్కుని కంప అవతలికి విసిరేశాడు.

"ఆటో పిలవనా అమ్మా? స్టేషన్‌కేనా?"

"ముందు ప్రత్తిపాడు ఆస్పత్రికి. నా చెయ్యి కట్టించుకోవాలి, వీడికి రక్తం చూపించాలి. తర్వాత స్టేషన్." మరిది వైపు తిరిగింది. "నీ మీద కేసు పెడతాన్రా. తప్పదు. కానీ జైలుకి రెండు కాళ్ళతో నడిచి పో. మీ అన్నలా నలుగురూ మోసుకెళ్ళే గతి వద్దు."

జక్రయ్య నోటి నెత్తురు తుడుచుకుని భుజం ఇచ్చాడు. ఆ భుజం మీద చెయ్యి వెయ్యడానికి యలమందయ్యకు కాసేపు పట్టింది.

ఆటో అబ్బాయి నెత్తురోడుతున్న ముగ్గుర్నీ చూసి వెనక్కి తగ్గాడు. "ఎవరండీ కొట్టింది?"

సుబ్బరావమ్మ విరిగిన చేతిని పొట్టకు అదుముకుని ఆటో ఎక్కింది.

"నేనే," అన్నాడు యలమందయ్య. "తొందరగా పోనీ."