పక్కటెముక పెట్టిన పేజీ

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే సర్దుకోండి. రాయడంలోనూ చదవడంలోనూ నాది నత్తనడకే. ఆ నడకతోనే అంతర్యుద్ధం మీద వచ్చిన లావుపాటి చరిత్రలు రెండు మా ఆయనకు చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు. ఈ పుస్తకాల కోసమే నన్ను బడికి పంపాడు.

ఆ పొద్దున అప్పటికే మేక కొక్కేనికి వేలాడుతోంది. ఆయన పొట్ట చీల్చి, ఆవిర్లు కక్కుతున్న పేగుల్ని రెండు చేతులా తొట్టిలోకి లాగాడు. మోచేతుల దాకా నెత్తురు. ఎడమచేతికి చిటికెనవేలు లేదు, యుద్ధంలో పోయింది. పక్కన స్టూలు మీద నేను, ఒళ్ళో మూడో పుస్తకం.

"ఊఁ, కానీ," అన్నాడు.

ఆయనకో పద్ధతి ఉంది. మంత్రులు తిట్టుకుంటున్నా, సైన్యాలు నడుస్తున్నా టకటకా మాంసం కొడుతూనే ఉంటాడు. పుస్తకంలో మనుషులు చస్తున్నంతసేపు మాత్రం కత్తి మొద్దు మీద పడదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంటుంది. పుస్తకంలో యుద్ధం ముదిరేకొద్దీ కొట్టు ముందు జనం పెరిగిపోయారు.

ఎదురుకొట్టు దర్జీ సంచి ఊపాడు. "ఏం బావా, నా అరకిలోకి ఇంకా ఎంతమంది చావాలి?"

"ఒక్క పేరా ఆగరా. ఊరు తగలబడుతోంది."

"అక్కా, నువ్వైనా తొందరగా చంపెయ్యి! అక్కడ మీ చెల్లెలు పొయ్యి వెలిగించుకుని కూర్చుంది."

"కూడబలుక్కుని చదివేదాన్ని. నా చేతిలో ఎవరూ గబుక్కున చావరు," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ రోజు మొదలైంది వంతెన అధ్యాయం.

వంతెన దగ్గర ఆయన తూర్పు ఒడ్డున తుపాకీ పట్టాడు. ఆయన అన్న అవతలి పక్షంలో, ఉప్పుమడుల కూలీల దళంలో చేరి, మరి తిరిగి రాలేదు. "పొగలోకి కాల్చాం, ఎదురుగా ఎవరున్నారో తెలీదు," అని జీవితమంతా చెప్పాడు. ఎవరున్నారో తెలుసుకోవాలనే ఈ చదువంతా. మొదటి పుస్తకం వంతెనను రెండు ముక్కల్లో తేల్చేసింది. రెండోది గెలుపు గురించే చెప్పింది.

నేను వేలు పెట్టి చదివాను. 'పడమటి ఒడ్డున నిలిచింది ఉప్పుమడుల దళం. ఫిరంగి గుండ్లకు తెగిపడిన అవయవాలు చెట్లకు వేలాడాయి. మిగిలినవారు తుపాకులు పారేసి, చేతులెత్తి నదిలోకి దిగారు. తూర్పు ఒడ్డు కాల్పులు ఆపలేదు. మొలలోతు నీళ్ళలో, పక్కవాడి శవాన్ని అడ్డం పెట్టుకుంటూ, ఒక్కొక్కరే కూలిపోయారు.'

కత్తి గాలిలోనే ఉంది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ కూడబలుక్కున్నాను. వాళ్ళు మళ్ళీ నీళ్ళలోకి దిగారు. మళ్ళీ చచ్చారు. ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"అన్నయ్యకి నీళ్ళంటే భయం," అన్నాడు. "చెరువులో కాలు పెట్టేవాడు కాదు. దిగి ఉండడు."

దర్జీ సంచి దించాడు. "అవును బావా. దిగి ఉండడు."

ఆయన మేక వైపు తిరిగాడు.

"పొగ అంత లేదురా," అన్నాడు. "చేతులెత్తడం కనపడింది."

కత్తి దిగింది. దర్జీకివ్వాల్సిన ముక్కలు చిన్నవిగా కొట్టాడు, పైన కాస్త కాలేయం వేసి పొట్లం కట్టాడు. మొద్దు మీద నీళ్ళు చల్లాడు. ఒక పక్కటెముక తీసి, కత్తితో గీకి, నా చేతికిచ్చాడు.

"పేజీలో పెట్టు. మిగతాది రేపు."

గోడకానుకుని గోనెసంచి మీద కూర్చున్నాడు. నేను టీ తెచ్చేసరికి ఆయన తడి చేతులు ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. కంటి మీద ఈగ వాలింది. రెప్ప పడలేదు.

మాంసం కొట్టాయన భార్య అంటే ఈ వీధిలో అందరికీ తెలుసు. నాకు డెబ్బై నిండాయి. కొట్టు వెనక గదిలోనే ఉంటున్నాను. పుస్తకం గూట్లో ఉంది. పక్కటెముకకు మిగిలిన కొవ్వు కాగితంలోకి ఇంకి, మేం చదవని పేజీలోని అక్షరాలు ఇటువైపు కనబడుతున్నాయి.