ఎర్ర పెన్ను ముందు దేవ్‌సింగ్ సారు

పొద్దున ఎనిమిదింటికి, జనగామలో ఎమ్మెల్సీ దేవ్‌సింగ్ సారు ఆఫీసు తలుపు తాళం తీస్తుండగానే, అక్కడ పనిచేసే శ్రీలత ఫోనుకు రెండు వచ్చాయి. ఒక ఫొటో. ఆరు సెకన్ల వీడియో.

ఫొటోలో ఉన్నది శాసనమండలి అచ్చు వేసిన ఓట్ల జాబితా. పశువులు మేసే ఊరుమ్మడి భూములను సర్కారు తీసుకునే బిల్లుకు అనుకూలంగా నిలబడిన సభ్యుల పేర్లు. అందులో పంతొమ్మిదో పేరు: దేవ్‌సింగ్, స్వతంత్ర సభ్యుడు.

శ్రీలత చేతిసంచి కింద పడేసి బీరువా తెరిచింది. నీలం అట్ట రిజిస్టర్ తీసి అదే తేదీ దగ్గర ఆగింది. తన చేతిరాతే. మాట: వ్యతిరేకం. ఓటు: వ్యతిరేకం. పక్కన, పోయిన ఆదివారం జనగామ సభలో పడిన ఎర్ర టిక్కు.

రెండింట్లో ఒకటి అబద్ధం. రిజిస్టర్‌దే అబద్ధమైతే సారు ఆరేళ్ల పరువు ఈ సాయంత్రం నాలుగింటికి భూపాలపల్లి సభలో పోతుంది.

దేవ్‌సింగ్ సారు మండలికి రాక ముందు ముప్పై ఏళ్లు మహబూబాబాద్ సర్కారు బడిలో లెక్కలు చెప్పాడు. గెలిచాక కూడా బడి అలవాటు మానలేదు. సమావేశాలు అయిపోగానే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఒక్కో ఆదివారం సభ పెడతాడు. వేదిక మీద ఒక బల్ల, ఒకటే కుర్చీ. ఆ కుర్చీ ఆయనకు కాదు. చీటీ తీస్తే ఎవరి పేరు వస్తే వాళ్లది. ఆయన పక్కన చేతులు కట్టుకొని నిలబడతాడు. ఎక్కడ ఏం మాట్లాడాడో, మండలిలో ఎటు ఓటేశాడో శ్రీలత చదువుతుంది. కుర్చీలోని మనిషి ఎర్ర పెన్నుతో టిక్కో ఇంటూనో పెడతాడు. మండలికి పోని రోజులకు, తీరని హామీలకు ఇంటూలు చాలానే పడ్డాయి. ఓటు గడిలో మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

ఫోన్ మోగింది. కృష్ణమూర్తి కొడుకు రాహుల్. కృష్ణమూర్తికి జనగామలో హోల్‌సేల్ కొట్టు. రెండు నెలల్లో రాబోయే ఎన్నికలో సారు మీద నిలబడబోతున్నాడు.

"చూసినవా అక్కా? సాయంత్రం మీ సభల పెద్ద టీవీ మీద వేస్త."

"ఏం కావాలె రాహుల్?"

"నాకేం వద్దు. నువ్వే ముందుగాల లేచి, సారు రాయమంటెనే తప్పు రాసిన అని చెప్పు. నీ పేరు బతుకుతది. లేకుంటే మీరిద్దరూ దొంగలే అయితరు."

"నా పేరు గురించి నీకెందుకంత పరేషాన్?" అని ఫోన్ పెట్టేసింది.

రాహుల్‌కు తెలియనిది ఒకటుంది. రిజిస్టర్‌ను అచ్చు జాబితాతో సరిచూసుకోవడం ఆమె పని. ఆరేళ్లు ఆమె వేలు పెట్టి ఒక్కో గీతా సరిచూసింది. ఏనాడూ తేడా రాలేదు. అందుకే ఈసారి చూడలేదు. ఓటు రోజు సాయంత్రం సారు ఫోన్లో వ్యతిరేకమన్నాడు, ఆమె రాసేసింది.

శ్యాం కారు తెచ్చాడు. అతను సారు దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు సారు కారే నడుపుతున్నాడు. మహబూబాబాద్ పోయి సారును ఎక్కించుకొని భూపాలపల్లి చేరాలి. కారు జఫర్‌గఢ్ దాటేలోపు శ్రీలత ఆ వీడియో ఇరవైసార్లు చూసింది.

మండలి హాలు. 'అనుకూలంగా ఉన్నవారు నిలబడండి' అన్న గొంతు. సారు లేచి నిలబడ్డాడు. అంతే. అనుమానానికి చోటే లేదు.

"అక్కా, సారు గిట్ల ఎందుకు నిలబడ్డడు?" అన్నాడు శ్యాం, అద్దంలోంచి చూస్తూ.

"అదే నాకు సమజ్ అయితలేదు."

"అది కాదక్కా. ఒక దిక్కు వంగి నిలబడ్డడు. నీళ్ల బకెట్ లేపినట్టు."

శ్రీలత వీడియో ఆపింది. నిజమే. ఎడమ భుజం కిందికి జారి ఉంది. ఎడమ చెయ్యి కనబడటం లేదు. బొమ్మను ఎవరో ఆ భుజం దగ్గర కత్తిరించారు.

మండలి సమావేశాల పూర్తి వీడియో ఎవరైనా చూడొచ్చు. ఆ రోజుది వెతికి, నాలుగు గంటల రికార్డులో ఆ నిమిషం పట్టుకునే సరికి కారు తొర్రూరు దాటింది. ఈసారి బొమ్మ మొత్తం ఉంది. సారుది అధికార పక్షం చివరి వరుస పక్క సీటు. ఆయన ఎడమన డెబ్బై నాలుగేళ్ల సోమనర్సయ్య, అధికార పక్షం సభ్యుడు. లేవబోయి సగంలో ఆగిపోయాడు. సారు దిగ్గున లేచి, ఎడమ చెయ్యి ఆయన మోచేతి కింద పెట్టి లేపాడు. సరిగ్గా అప్పుడే సిబ్బంది ఆ వరుస ముందు నిలబడి పేర్లు రాసుకుంటున్నారు. తర్వాత 'వ్యతిరేకులు' అన్నప్పుడు సారు మళ్లీ నిలబడ్డాడు. అప్పటికే ఆయన పేరు ఒక కాగితం ఎక్కింది. రెండో కాగితం ఎక్కలేదు.

బిల్లు తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచింది. సారు ఓటు దాన్ని ఆపేదీ కాదు, గెలిపించేదీ కాదు. కానీ దేవరుప్పులలో, నర్మెట్టలో పశువులు మేపే జనం ముందు ఆయన ఇచ్చింది ఆ ఒక్క ఓటు మాటే.

"మనం గెలిచినం శ్యాం," అంది శ్రీలత. "ముందు సోమనర్సయ్య ఇంటికి పోనీ."

మహబూబాబాద్‌లో సోమనర్సయ్య ముందు గదిలో కూర్చొని ఉన్నాడు. వీడియో చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"మీరు ఒక్క మాట చెప్తే చాలు బాపూ. సారు మిమ్మల్ని లేపనీకె నిలబడ్డడని."

"చెప్తే ఏమైతదో తెలుసా బిడ్డ? మళ్లీ టికెట్ అడుగుతున్న. లేచి నిలబడనీకె చేతగానోనికి టికెట్ ఎందుకంటరు. ఇంట్ల కూడా మోకాలు మంచిగనే ఉన్నదని చెప్పిన."

"మా సారు పేరు పోతది."

"మీ సారు పేరు ఆరేళ్లది. నాది నలభై ఏళ్లది." గొంతు తగ్గించి అన్నాడు. "ఆ వీడియో నా ముఖం కనబడేటట్టు వేయకు బిడ్డ. నీకు దండం పెడ్త."

ఆమె ఏ మాటా ఇవ్వకుండా బయటికి వచ్చింది.

దేవ్‌సింగ్ సారు ఇస్త్రీ చొక్కాలో వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు. కారు కదిలాక శ్రీలత అన్నీ చెప్పింది. తను సరిచూసుకోని సంగతి కూడా. సారు వీడియో ఒకటికి రెండుసార్లు చూశాడు.

"నేను ఒకదిక్కే నిలబడ్డననుకున్న," అన్నాడు. "అయినా జాబితా నేనూ చూడలే. నీకెంత తప్పో నాకూ అంతే. పొద్దున్నే నువ్వు ఆ ముసలాయన ఇంటికి ఎందుకు పోయినవ్?"

"ఇంకేం చెయ్యాలె సార్?"

"సభల నేనే చెప్త. లిస్టుల నా పేరు అటు దిక్కున్నది, జనగామల చదివింది తప్పు, ఇంటూ పెట్టండి అని. మండలి చైర్మన్‌కు ఉత్తరం రాస్త. అంతవరకే."

"ఎందుకు నిలబడ్డరో చెప్పరా?"

"చెప్ప. ఆయన దాచుకున్నది నేను బజార్ల వెయ్యాల్నా? నువ్వు కూడా ఆ వీడియో తియ్యకు."

"పోయేది మీ పేరు సార్."

"నా పేరు నేను పోగొట్టుకుంట. ఆయనది పోగొట్టే హక్కు నాకు లేదు." అని కిటికీ వైపు తిరిగాడు. ములుగు దాటాక శ్యాం గొణిగాడు, "గిసొంటి మొండి మనిషిని నేను చూడలే," అని.

భూపాలపల్లి ఫంక్షన్ హాలు నిండిపోయింది. మొదటి వరుసలో కృష్ణమూర్తి, రాహుల్. చీటీ తీస్తే వచ్చిన పేరు కొమురవ్వ. మేకలు కాసే ముసలమ్మ. ఊరుమ్మడి భూమి పోతే ఆమె మేకలకు గడ్డి ఉండదు. ఆమె కుర్చీలో కూర్చొని ఎర్ర పెన్నును అగ్గిపుల్ల పట్టినట్టు పట్టుకుంది.

శ్రీలత రిజిస్టర్ తెరవక ముందే సారు మైకు తీసుకున్నాడు.

"పోయిన ఆదివారం జనగామల ఒక లెక్క తప్పు చెప్పినం. భూముల బిల్లుకు నేను వ్యతిరేకం ఓటేసిననని చదివినం. మండలి జాబితాల నా పేరు అనుకూలం దిక్కు ఉన్నది. అవ్వా, ఆ గడిల ఇంటూ పెట్టు."

హాలులో గుసగుసలు లేచాయి. రాహుల్ గబుక్కున నిలబడ్డాడు. తను పేల్చాల్సిన బాంబు సారే పేల్చేశాడు. అయినా వెనక్కి తగ్గలేదు.

"వీడియో ఉన్నది. వెయ్యమంటరా?"

"వెయ్యి బాబూ. అందరు చూడాలె."

గోడ మీద పెద్ద టీవీలో సారు లేచి నిలబడ్డాడు. ఆరు సెకన్లు. బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఒక దిక్కు వంగిన భుజం, సగంలో తెగిన చెయ్యి.

"జాబితా తప్పనే అనుకుందాం. మనిషే నిలబడ్డడు గదా," అన్నాడు రాహుల్. "ఎందుకు నిలబడ్డరు సార్?"

"నిలబడ్డ. కారణం చెప్ప."

"చెప్పరా, చెప్పనీకె లేదా?"

వెనక నుంచి ఎవరో ఈల వేశారు. శ్రీలత లేచింది. "జాబితా చూడకుంట రాసింది నేను. సారు రాయమనలే," అంది మైకు లేకుండానే. అంతవరకే చెప్పగలిగింది. ఫోను ఆమె గుప్పిట్లో ఉంది, పూర్తి వీడియో సిద్ధంగా ఉంది. ఒక్క వేలు కదిపితే చాలు. ఆమె సారు వైపు చూసింది. ఆయన చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఫోన్ సంచిలో వేసి జిప్పు లాగింది.

"పెట్టు అవ్వా," అన్నాడు సారు.

"బిల్లు వద్దంటనని నువ్వే మాకు చెప్పినవ్ గద సారూ," అంది కొమురవ్వ. కోపం కాదు, నమ్మలేకపోవడం. "మా వాడకట్టు మొత్తం నీ మాట మీదనే ఉన్నది."

"అందుకే పెట్టమంటున్న."

ఆమె ఇంటూ పెట్టింది. ఆరేళ్లలో ఆ గడిలో మొదటిది. రాహుల్ దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

అప్పుడే హాలు తలుపు దగ్గర జనం పక్కకు జరిగారు. తెల్ల ధోవతి, చేతికర్ర. సోమనర్సయ్య. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మధ్య దారిలో నడిచి వస్తున్నాడు. నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. వేదికకు మూడు మెట్లు. మొదటిది ఎక్కాడు. రెండోది ఎక్కాడు. మూడో మెట్టు మీద మోకాలు మొరాయించింది. కర్ర జారి కింద పడింది.

దేవ్‌సింగ్ సారు ఒక్క అంగలో అక్కడున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి కింద పెట్టి లేపాడు. ఇద్దరూ నిలబడ్డారు. సారు ఎడమ భుజం కిందికి జారింది, నీళ్ల బకెట్ లేపినట్టు.

వాళ్ల వెనకాలే టీవీలో అదే భుజం, అదే వంపు.

ముందు వరుసలో ఒకామె టీవీని, సారును మార్చి మార్చి చూసి పక్కామె మోచెయ్యి పొడిచింది. రాహుల్ రిమోట్ కోసం వెతుక్కుంటున్నాడు. కృష్ణమూర్తి కొడుకు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఇంక నేను చెప్పేది ఏమున్నది," అన్నాడు సోమనర్సయ్య రొప్పుతూ. "మీరే చూసిన్రు. ఆ నాడు నేను లేవలేకపోయిన. ఈయన లేపిండు. వాళ్లు ఈయన పేరు రాసుకున్నరు. పొద్దున బిడ్డ వచ్చి అడిగితే చెప్పనన్న. చెప్పనన్నంక నోట్లెకు అన్నం పోలే."

"ఎందుకొచ్చినవన్నా?" అన్నాడు సారు మెల్లగా. "నీ టికెట్?"

"జనం ముందు నా మోకాలు సంగతి దాయనీకె నువ్వు ఉన్నవు. నా మనసు కాడ దాయనీకె ఎవలున్నరు? చైర్మన్‌కు నేను కూడా ఉత్తరం రాస్త."

కొమురవ్వ కుర్చీలోంచి లేచి తన కుర్చీ సోమనర్సయ్యకు జరిపింది. తర్వాత రిజిస్టర్ వైపు చూసి, "గీ ఇంటూ తుడిచేద్దామా బిడ్డా?" అంది.

"వద్దవ్వా," అన్నాడు సారు. "మండలి జాబితా మారేదాంక గట్లనే ఉండాలె."

హాలు చివర నుంచి శ్యాం గొంతు వినిపించింది. "సార్, జవాబు తప్పైనా స్టెప్పులు కరెక్టుంటే మాకు మార్కులు వేసేటోళ్లు గదా."

నవ్వులు లేచాయి. కొమురవ్వ అటు తిరిగింది. "ఎన్నేసెటోడు?"

"పదికి ఏడవ్వా. నాకైతే ఎప్పుడూ ఏడు దాటనియ్యలే."

ఆమెకు అంకె రాయడం రాదు. ఇంటూ పక్కన నాలుక కొస బయటపెట్టి ఒక్కో గీతా నిలువుగా గీసింది. శ్రీలత రిజిస్టర్ జారకుండా పట్టుకుంది. సారు అలవాటుగా వంగి లెక్కపెట్టాడు.

"ఎనిమిది గీసినవ్ అవ్వా."

"తెలుసు," అంది కొమురవ్వ పెన్ను మూత పెడుతూ. "ఎనిమిదోది నీది కాదు. గీ ముసలాయన మెట్లెక్కి వచ్చినందుకు."